వరుస చెప్పని పాట

కోరుట్లలో పెళ్ళిళ్ళ కాలంలో ఏ రాత్రి వీధిలోకి వచ్చినా ఒక బరాత్ ఎదురవుతుంది. ముందు డీజే బండి, దాని మీద మనిషెత్తున పేర్చిన పెట్టెలు, వెనక ఆడే పిల్లలు. మోగేది వరినాట్ల పాట. పొలంలో ఆడవాళ్ళు నడుం వంచి పాడుకున్న పాట. దానికి తీన్‌మార్ దెబ్బ తగిలించారు, ఆ దెబ్బ కింద యంత్రం పుట్టించిన మంద్రధ్వనిని పరిచారు. పాట మధ్యలో ఒక గొంతు అడ్డం వచ్చి, రీమిక్సు చేసిన డీజే పేరూ అతని ఊరి పేరూ చెపుతుంది. పాట ముగిసేలోగా ఆ పేరు నాలుగైదుసార్లు వినిపిస్తుంది. పాడిన మనిషి పేరు ఒక్కసారి కూడా వినిపించదు. ఆమెకు ఆ పాట నేర్పినవాళ్ళ సంగతి ఇక చెప్పనే అక్కరలేదు.

ఈ వ్యాసం ఆ వినిపించని పేరును గురించి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇవాళ యువకులకు కొత్త పాట దొరికే చోటు సినిమా హాలు కాదు, రేడియో కాదు. ఒకడు యూట్యూబులో వెతికి పట్టుకుంటాడు. వాట్సాపులో పదిమందికి పంపుతాడు. ఆ పదిమందిలో ఒకడు దానికి కొత్త దరువు కట్టి రీమిక్సు చేస్తాడు, లేదా మరొక పాటతో అతికి మాషప్ చేస్తాడు. అది పెళ్ళి బండెక్కుతుంది, గణపతి నిమజ్జనానికి పోతుంది, గల్ఫులో మనవాళ్ళుండే కార్మికుల గదులకు చేరుతుంది. ఇదంతా వారం రోజుల పని. ఇంతకు ముందు ఇదే పనిని సెల్‌ఫోను దుకాణంలో మెమరీ కార్డు నింపించుకుని చేసేవాళ్ళు.

దీన్ని గురించి మన అధ్యాపకుల గదుల్లోనూ విద్యార్థి సభల్లోనూ రెండు వాదాలు నడుస్తున్నాయి. రెండూ అభ్యుదయం పేరుతోనే నడుస్తున్నాయి. ఒకటి, ఇదంతా సంస్కృతీ పతనమనేది. రెండవది, ఇదే అసలైన ప్రజాస్వామ్యమనేది. రెండూ తప్పని నేనంటున్నాను. రెండింటిలోనూ తప్పు ఒక్కచోటనే ఉన్నదని కూడా అంటున్నాను.

మొదటివాళ్ళ మాట ముందు చూద్దాం. స్వచ్ఛమైన జానపదాన్ని యంత్రం చెడగొడుతున్నదని వీరి బాధ. ఆ స్వచ్ఛమైన జానపదం ఏ సంవత్సరంలో ఉండేదో వీరు చెప్పరు. ప్రతి తరమూ పాత వరుసను తీసుకుని కొత్త మాటలు పెట్టింది, పాత మాటలకు కొత్త దరువు వేసింది. ఆ పని చెయ్యకపోతే పాట ఏనాడో చచ్చిపోయేది. ఇంతకూ ఈ పనిని అందరికన్నా ఎక్కువగా చేసినవాళ్ళు మనమే. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగి చెప్పిన బుర్రకథ ఎక్కడిది? జంగం కథలు చెప్పుకుని బతికే బిచ్చగాళ్ళ దగ్గరిది. నాజర్ వంటి కళాకారులు దానికి కొత్త వస్తువు ఎక్కించి, కొత్త నడక నేర్పారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను తెలంగాణ సాయుధ పోరాటానికి వాడుకున్నాడు. 1972లో మొదలైన జననాట్యమండలి ఒగ్గుకథ మొదలు ఊరి దరువుల దాకా దేన్నీ వదలలేదు. పండితులు ఆనాడు వీటిని చూసి ముక్కు మూసుకున్నారు. ఆ పండితులను మనం వెక్కిరించాం. ఇప్పుడు అదే ముక్కు మనం మూసుకుంటే మనల్ని ఎవరు వెక్కిరించాలి?

‘అది ఉద్యమం కోసం చేశాం, ఇది కుప్పిగంతుల కోసం చేస్తున్నారు’ అంటారు. కుప్పిగంతులు వేసేది ఎవరో కాస్త చూడండి. బీడీలు చుట్టే తల్లి కొడుకు. సిరిసిల్లలో సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడే కార్మికుడి తమ్ముడు. దుబాయి వీసా కోసం పాస్‌పోర్టు పెట్టుకుని కూచున్నవాడు. వీడు సంవత్సరంలో పది రాత్రులు వీధిలో ఆడితే సంస్కృతి పతనమయింది గాని, వీడికి మూడువందల అరవై రోజులు పని లేకపోతే ఏదీ పతనం కాలేదు! 2021లో మంచిర్యాలలో ఒక పెళ్ళికూతురు తన బరాత్‌లో తానే ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడితే రెండు రాష్ట్రాలూ చూశాయి. అది సినిమా పాట కాదు. హైదరాబాదులో ఏ పెద్ద నిర్మాతా దానికి అనుమతి ఇవ్వలేదు. తల వంచుకుని కూచోవలసిన పెళ్ళికూతురు తల ఎత్తి ఆడింది. దీనిలో పతనం నాకు కనిపించలేదు.

‘ఇది పాశ్చాత్య దిగుమతి’ అనేది వీరి చివరి ఆయుధం. దిగుమతే. కాని ఎక్కడినుంచి? రీమిక్సు పుట్టింది లండన్ దొరల మేడల్లో కాదు. 1960ల చివర, 70ల మొదట్లో జమైకాలోని కింగ్‌స్టన్ పేటల్లో పుట్టింది. కింగ్ టబ్బీ అనే రేడియో రిపేరు పనివాడు పాటలోంచి గొంతు తీసేసి, దరువును ముందుకు తెచ్చి, వీధిలో పెట్టెలు పేర్చి వినిపించాడు. అక్కడినుంచి వలసపోయిన కుటుంబంలోని కూల్ హెర్క్ 1973లో న్యూయార్కు బ్రాంక్స్‌లో అదే పని చేశాడు. నల్లవాళ్ళు, పేదవాళ్ళు, వాయిద్యాలు కొనలేనివాళ్ళు. పాత రికార్డునే వాయిద్యం చేసుకున్నారు. వాళ్ళకు మన డీజే పిల్లవాడు దూరపు చుట్టం కాదు, దగ్గరి చుట్టమే.

శబ్దం సంగతి వేరు. పసిపిల్లలూ గుండెజబ్బు మనుషులూ ఉండే వీధిలో రాత్రి పదిన్నరకు పెట్టెలు అదరగొట్టటాన్ని నేను సమర్థించను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. హద్దు పాటించవలసిందే. కాని పెట్టె గట్టిగా మోగిందనటం ఒకటి, పాట చెడ్డదనటం మరొకటి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ళకు కోపం శబ్దం మీద కాదని అనుమానించవలసి వస్తుంది.

ఇక రెండవ వాదం. ఇది మొదటిదానికన్నా ప్రమాదం. ఎందుకంటే ఇది వినటానికి మన వాదంలాగే ఉంటుంది.

‘జానపదం అందరిదీ. దానికి యజమాని లేడు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చవచ్చు, ఎవరైనా పంచవచ్చు. ఇదే సమష్టి సంస్కృతి’ అంటారు వీరు. విద్యార్థుల్లో చాలామంది ఇక్కడే ఉన్నారు. తీసుకోవటం దగ్గరా మార్చటం దగ్గరా పంచటం దగ్గరా వీరితో నాకు పేచీ లేదు. ‘యజమాని లేడు’ అన్న మాట దగ్గరే ఉన్నది పేచీ అంతా.

ఆ మాట ఈ నేలకు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో వేలాది రైతుకూలీలు జగిత్యాలకు తరలివచ్చారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటున్నాం. వాళ్ళు మాట్లాడిన ముఖ్య విషయాల్లో వెట్టి ఒకటి, దొరలు పట్టుకున్న బంజరు భూములు ఒకటి. బంజరు దొర చేతికి ఎట్లా పోయింది? ‘ఇది అందరిదీ’ అనటంతో మొదలయింది. ‘అంటే ఎవరిదీ కాదు’ అనటంతో సాగింది. ‘కనక నాది’ అనటంతో ముగిసింది. పాట కూడా సరిగ్గా ఈ మూడు మెట్ల మీదనే నడుస్తున్నది.

ఎట్లాగో చూడండి. ఒకామె పాడుతుంది. ఒక ఛానెల్ రికార్డు చేస్తుంది. యూట్యూబులో మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల రాబడిలో నూటికి 55 ఛానెల్‌కు, 45 కంపెనీకి. పాడినామెకు ఎక్కువచోట్ల ఒక్కసారి ఇచ్చిన కూలీ, అంతే. తర్వాత ఆ పాట కోటిమంది విన్నా ఆమెకు సంబంధం లేదు. 2007 నుంచి యూట్యూబులో శబ్దాన్ని గుర్తుపట్టే యంత్రం ఉన్నది. ముందుగా ఎవరు తమ రికార్డును దానిలో నమోదు చేశారో వాళ్ళ పక్షాన అది కాపలా కాస్తుంది. అందరి సొత్తయిన దానిమీద అట్లా హక్కు చెప్పరాదని నియమం ఉన్నది. కాని యంత్రానికి తెలిసేది శబ్దమే. పాట ఏ ఊళ్ళో ఎన్ని తరాలనుంచి ఉన్నదో దానికి తెలియదు.

సిరిసిల్ల మనుషులకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు. నూలు సేటుది. సాంచ ఆసామిది. చెయ్యి కార్మికుడిది. నేసిన గుడ్డ మీటర్ల లెక్కన కూలీ ముడుతుంది, గుడ్డ బజారుకు పోయిన తర్వాత దానితో కార్మికుడికి పని లేదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు కొన్నేళ్ళపాటు ఈ సాంచాలకు పని ఇచ్చింది. ఏటా కోటికి అటూ ఇటూగా చీరలు. ఏ చీర మీదా నేసినవాడి పేరు లేదు. ఇప్పుడు పాట దగ్గర ఛానెల్ సేటయింది, డీజే ఆసామి అయ్యాడు, గొంతు కూలీ అయింది. కొత్త సంస్కృతి అంటున్నాం గాని సంబంధాలు పాతవే.

చట్టం ఏం చేస్తున్నది? 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో సవరణలు వచ్చాయి. వాటి ప్రకారం ఒక పాట రికార్డయిన సంవత్సరం తర్వాత అయిదేళ్ళు గడిస్తే గాని, యజమానికి రాయల్టీ కడితే గాని దాన్ని మరొకరు మళ్ళీ రికార్డు చెయ్యకూడదు. చేసినా మార్పులు చెయ్యకూడదు. అంటే కోరుట్ల పిల్లవాడు సినిమా పాటను రీమిక్సు చేస్తే నేరస్థుడు. సినిమా వాళ్ళు కోరుట్ల నాట్ల పాటను తీసుకుంటే కళాకారులు! కంపెనీ పాటకు పిల్లవాడినుంచి రక్షణ ఉన్నది గాని, బీడీలు చుట్టే ఆమె పాటకు కంపెనీనుంచి రక్షణ లేదు. జానపద కళారూపాలను కాపాడే ప్రత్యేక చట్టం ఈ దేశంలో లేదు. 2024 మే నెలలో జెనీవాలో సంప్రదాయ జ్ఞానం మీద ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. అది మొక్కలూ విత్తనాలూ వంటి జన్యు సంపదకు, దానితో ముడిపడిన జ్ఞానానికి సంబంధించినది. పాటలు దానిలోకి రాలేదు.

ఐతే అదే 2012 సవరణలో మనం చదవని మాట ఒకటి ఉన్నది. ప్రదర్శించిన మనిషికి, ఆ ప్రదర్శన తనదని పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చారు. పాడేవాళ్ళెవరైనా ఆ చట్టం దృష్టిలో ప్రదర్శకులే. డిగ్రీ అక్కరలేదు, కచేరీ అక్కరలేదు. సెల్‌ఫోను ముందు కూచుని పాడిన ముసలమ్మ కూడా ప్రదర్శకురాలే. ఆ హక్కు ఉన్నదని ఆమెకు చెప్పినవాడు లేడు. చెప్పవలసినవాళ్ళం మనం. మనం రీమిక్సు మంచిదా చెడ్డదా అని వాదించుకుంటూ కూచున్నాం.

పేరు పోతే ఏం పోతుందనే వాళ్ళకు రెండు సంగతులు చెపుతాను. అమెరికాలో 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే పాట రికార్డు చేసింది. దానిలో గ్రెగరీ కోల్‌మన్ అనే నల్లజాతి డ్రమ్ములవాడు కొన్ని క్షణాలు ఒంటరిగా వాయించాడు. ప్రపంచంలో వేలాది రీమిక్సులకు, ఎలక్ట్రానిక్ పాటలకు ఆ కొన్ని క్షణాలే పునాది అయ్యాయి. కోల్‌మన్‌కు దానిమీద ఒక్క పైసా రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు.

రెండవది మన దగ్గరిది. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమాను సిరిసిల్ల ప్రాంతపు పల్లెల్లో తీశారు, దర్శకుడు వేణు ఎల్దండి ఈ ప్రాంతంవాడే. చివర్లో వచ్చే పాటను బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య తామే తెరమీద కనిపించి పాడారు. వాళ్ళ గొంతు తీసుకుని వేరే మొహం పెట్టలేదు. దానివల్ల సినిమాకు నష్టం రాలేదు, ఆ పాటే దానికి ప్రాణమయింది. తర్వాత మొగిలయ్యకు కిడ్నీల జబ్బు ముదిరినప్పుడు జనం అడిగారు, సినిమా వాళ్ళు కదిలారు, ప్రభుత్వం కదిలింది. 2024 డిసెంబరులో ఆయన చనిపోయాడు. ఆయనకు న్యాయమంతా జరిగిపోయిందని నేననను. కాని ఆయన ఎవరో జనానికి తెలుసు. పేరు అంటే కీర్తి కాదు. మంచాన పడిన రోజున, ఇతను ఫలానా అని నలుగురు అడగగలగటం. ఆ దంపతులవంటి పాటగాళ్ళు ఈ మూడు పట్టణాల చుట్టూ ఎందరున్నారో! వాళ్ళ గొంతు బండి మీద మోగుతూనే ఉంటుంది, వాళ్ళు ఆసుపత్రి వరండాలో ఎవరికీ తెలియకుండా ఉంటారు.

2021లో ‘సారంగ దరియా’ మీద వచ్చిన వివాదం గుర్తుండే ఉంటుంది. పాట సినిమాలోకి వచ్చింది. దాన్ని తాను సేకరించి అంతకు ముందే ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాడానని ఒక జానపద గాయని ముందుకు వచ్చింది. ఎవరిది ఎంత తప్పు అని తీర్పు చెప్పటం నా పని కాదు. నా ప్రశ్న వేరు. పాట కోట్లమందికి చేరిన తర్వాత, పత్రికలవాళ్ళ ముందు నిలబడి పేరు అడుక్కోవలసిన స్థితి ఆ గాయనికి ఎందుకు రావాలి? ముందే అడిగే మర్యాద మనలో ఎందుకు లేదు?

ఆ మర్యాద ఒకప్పుడు ఉండేది. పాత పాటల పుస్తకాలు, ఉద్యమకాలపువి, తీసి చూడండి. చాలావాటిలో పాట పేరు కింద చిన్న అక్షరాలతో ‘వరుస’ అని ఉండి, దాని పక్కన ఏ పాట బాణీలో కట్టారో ఆ పాట పేరు ఉంటుంది. పాడేవాళ్ళకు సులువుగా ఉంటుందనే అది వేశారు, నిజమే. కాని అది ఒక ఒప్పుకోలు కూడా. ‘ఇది నేను పుట్టించింది కాదు, ఫలానాదానినుంచి తీసుకున్నాను’ అని. మన భాషలో వరుస అంటే బాణీ. వరుస అంటే చుట్టరికం కూడా. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే ముందు అడిగేది వరుసే. ఇవాళ బండి మీద వచ్చే పాట వరుస చెప్పకుండా ఊళ్ళోకి వస్తున్నది.

ఐతే ఇందులో మనం నిర్దోషులమేమీ కాదు. ఆ పుస్తకాలు పాట పేరు చెప్పాయి గాని, పాడిన ఆడమనిషి పేరు చెప్పలేదు. మన విశ్వవిద్యాలయాలనుంచి వచ్చిన జానపద గేయ సంకలనాలు కొన్ని చూడండి. సేకర్త పేరు అట్టమీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాడినవాళ్ళ పేర్లు అనుబంధంలో కూడా ఉండవు. ‘ఒక వృద్ధురాలు పాడగా’ అని ఉంటుంది. డీజే కొత్తగా చేస్తున్న నేరం ఏమీ లేదు. మనం పట్టాలు పుచ్చుకుని చేసిన పనినే అతను పెట్టెలు పేర్చి చేస్తున్నాడు. పతనం గురించి ఉపన్యాసమిచ్చే అధ్యాపకుడు, ప్రజాస్వామ్యం గురించి ఉపన్యాసమిచ్చే విద్యార్థి, ఇద్దరూ పాటను గురించే మాట్లాడుతున్నారు. ఇద్దరికీ పాడిన మనిషి కనిపించటం లేదు. రెండు వాదాల తప్పూ ఒక్కచోటనే ఉన్నదని అన్నది ఇందుకే.

ఆ కనిపించని మనిషి ఎవరో కూడా చెప్పుకోవాలి. ఒగ్గు కురుమలది. డప్పు మాదిగలది. కిన్నెర డక్కలివాళ్ళది. నాట్ల పాట, బతుకమ్మ పాట ఆడవాళ్ళవి. పోయిన పేర్లన్నీ కింది కులాలవీ ఆడవాళ్ళవీ కావటం కాకతాళీయమా? బరాత్‌కు ఒకప్పుడు డప్పులవాళ్ళను పిలిచేవాళ్ళు. ఇవాళ డప్పు దరువు యంత్రంలో ఉన్నది, డప్పు కొట్టే మనిషి ఇంట్లో ఉన్నాడు. పాతకాలం బాగుండేదని నేననను. డప్పు వెట్టిగా కొట్టించుకున్న కాలం అది, దాన్ని విడిచిపెట్టిన కొడుకు మంచి పనే చేశాడు. కాని వెట్టి పోవటం వేరు, వెట్టితోపాటు విద్యను కూడా లాక్కోవటం వేరు. బతుకమ్మ దగ్గరా ఇంతే. ఒకామె చెపితే పదిమంది అందుకునే పాటకు బదులు పెట్టె పాడుతున్నది, ఆడవాళ్ళు వింటూ తిరుగుతున్నారు. చెప్పే ఆమె నోరు మూతపడితే ఆమెకు తెలిసిన నూరు పాటలూ ఆమెతోనే పోతాయి. రేపు రీమిక్సు చెయ్యటానికి కూడా ఏమీ మిగలదు.

‘పేరు పెట్టటం సొంత ఆస్తి భావన కాదా? సమష్టి సృష్టికి వ్యక్తి పేరేమిటి?’ అని మన మిత్రులే అడుగుతారు. పేరు వేరు, పట్టా వేరు. పట్టా ఇతరులను బయటికి నెడుతుంది. పేరు, ఎవరినుంచి వచ్చిందో చెపుతుంది, అంతే. సమష్టి అంటే పేర్లు లేని గుంపు కాదు. పేర్లున్న మనుషులు కలిసి చేసేది. పేర్లు లేని గుంపుగా మనుషుల్ని చూసేది హాజరుపట్టీ లేని కార్ఖానా యజమాని. ‘మొదట కట్టినవాళ్ళు తెలియదు కదా’ అంటే, తెలియదనే రాయండి. పాడింది ఫలానా ఆమె, ఫలానా ఊరు, తల్లి దగ్గర నేర్చుకున్నది, అంతకు ముందు తెలియదు అని రాయండి. తెలియదనటం నిజం. నాది అనటం అబద్ధం.

కనక చెయ్యవలసిన పని కష్టమైనదేమీ కాదు. పాటను పంచే ప్రతి విద్యార్థీ దానితోపాటు ఒక్క పంక్తి పంపాలి. పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ వరుస. తెలియకపోతే ఆ పాటను పంపినవాణ్ణి అడగాలి. అడగటం మొదలయితే సమాధానాలు పుడతాయి. రీమిక్సు చేసే పిల్లలు తమ పేరు ఎన్నిసార్లు చెప్పుకుంటారో చెప్పుకోనీండి, ఆ నాలుగుసార్లలో ఒక్కసారి పాడినామె పేరు చెప్పమని మనం పోయి అడగాలి. వాళ్ళు మన విద్యార్థులే, అడిగితే వింటారు. అధ్యాపకులు సెమినార్ పత్రాలకు బదులు ఒక్క ఏడాది పిల్లల చేత వాళ్ళ నాయనమ్మల అమ్మమ్మల పాటలు రికార్డు చేయించాలి, వాళ్ళ అనుమతితో, వాళ్ళ పేర్లతో. మన సంఘం ఆ జాబితాను ఊరువారీగా అచ్చు వెయ్యాలి. రేపు ఎవరైనా ‘ఇది నాది’ అని వస్తే చూపించటానికి ఆ కాగితం ఉంటుంది. ఛానెళ్ళను అడగవలసింది ఒక్కసారి కూలీ కాదు, పాట సంపాదించినంతకాలం వాటా. రాష్ట్ర ప్రభుత్వాన్ని, దాని భాషా సాంస్కృతిక శాఖను అడగవలసింది సన్మానాలూ శాలువలూ కాదు, జానపద కళాకారుల హక్కుకు ఒక చట్టం.

2023 ఎన్నికల్లో ‘గులాబీల జెండలే రామక్క’ మోగని ప్రచార బండి కనిపించలేదు. పాట బలం పార్టీలకు తెలుసు, కంపెనీలకు తెలుసు, డీజే పిల్లలకు తెలుసు. తెలియనట్టు ఉన్నది మనమే. ఈసారి బరాత్ ఎదురయినప్పుడు చెవులు మూసుకుని పక్కకు పోకండి. ఆగి, బండి మీది పిల్లవాణ్ణి అడగండి. ‘తమ్మీ, ఈ పాట పాడింది ఎవరు?’ అతనికి తెలియకపోవచ్చు. మరుసటి బండి దగ్గర కూడా అడగండి.